సగానికి విరిచిన మాత్ర

సీసాల ఫ్యాక్టరీలో ఆమెని అందరూ దుర్భిణి అనేవాళ్ళు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. క్యాంటీనులో వడ్డించేవాడు కూడా "దుర్భిణక్కకి ఇంకో గరిటె వెయ్యండి" అనే కేకేసేవాడు. ఆ పేరు ఊరికే రాలేదు లెండి. పద్నాలుగేళ్ళు లైటు బోర్డు ముందు కూర్చుని సంపాదించుకుంది.

లైటు బోర్డంటే బ్రహ్మాండమైన యంత్రమేమీ కాదు. మనిషి పొడుగున్న తెల్లటి పలక, దాని వెనక దీపాలు, అంతే. దాని ముందు నుంచి బెల్టు మీద ఖాళీ గాజు సీసాలు వరసగా నడిచిపోతుంటాయి. పిల్లల దగ్గు మందు పోసే బుల్లి సీసాలు. మెడ పగిలినదో, అడుగున బుడగ ఉన్నదో, మూతి వంకరపోయినదో కనిపిస్తే చటుక్కున తీసి పక్క డబ్బాలో పడెయ్యాలి. వీటన్నిటినీ మించిన గండం ఇంకోటుంది. అచ్చు సరిగ్గా విడవకపోతే సీసా లోపల ఈ గోడ నుంచి ఆ గోడకి దారం లాంటి గాజు పోగు ఉండిపోతుంది. సీసా కదిలితే అది విరుగుతుంది. విరిగిన ముక్క మందులో కలుస్తుంది. ఆ మందు చివరికి ఏ పసిదాని గొంతులోకి దిగుతుందో! అలాంటి సీసాలు దుర్భిణి వందల్లో పట్టింది.

అంతసేపు అలా చూడటం ఎవరి వల్లా కాదు. కళ్ళు తెరుచుకునే ఉంటాయి, మనసు మాత్రం ఇంటికి వెళ్ళిపోయి ఉంటుంది. అందుకని సూపర్‌వైజరు దొంగ సీసాలు వదిలేవాడు. లోపం ఉన్నవాటిని కావాలని ఏరి, అడుగున కనపడీ కనపడని గుర్తు పెట్టి, మంచి వాటిలో కలిపేవాడు. వారానికి పది. ఎప్పుడొస్తాయో చెప్పడు, పైగా చూడనట్టు నటిస్తూ ఈల వేసుకుంటూ తిరుగుతాడు. పదిలో రెండు వదిలేస్తే ఊరుకునేవాడు. మూడు వదిలేస్తే నలుగురిలో అడిగేసేవాడు. వరసగా రెండు వారాలు అలా జరిగితే లైటు బోర్డు నుంచి తీసి కడిగే హాలుకి తోసేసేవాళ్ళు. అక్కడ రోజంతా తడి కాళ్ళతో, ఆవిరిలో నిలబడాలి. తోటి పనివాళ్ళలో అక్కడికి వెళ్ళి మళ్ళీ లైటు ముందుకి వచ్చినవాళ్ళు లేరు.

ఇక ఇంట్లో సంగతి. దుర్భిణికి ఒక్కతే కూతురు, ఎనిమిదేళ్ళది. భర్త లారీ డ్రైవరు, నెలకి రెండు సార్లు చుట్టపుచూపుగా వచ్చి పోతాడు. పిల్లని కనిపెట్టుకుని ఉండేది అత్తగారు. ఆవిడకి చెవులు కాస్త మందం, నోరు మాత్రం ఏం మందం కాదు. పిల్లకి బొంగరం అని పేరు పెట్టింది ఆవిడే. బొంగరానికైనా తాడు చుట్టేంత సేపు ఓపికుంటుంది, దీనికి అదీ లేదని ఆవిడ వాదన.

నిజమే. కూర్చున్న చోట నిమిషం ఉండేది కాదు. అన్నం తింటూ లేచి మూడు గదులు తిరిగి వచ్చి ముద్ద మింగేది. ఒక చెప్పు వేసుకునేసరికి రెండో చెప్పు సంగతి మర్చిపోయేది. ఇంకొకరి మాట పూర్తి కాకుండానే జవాబు చెప్పేది, ఆ జవాబు కూడా పూర్తి చేసేది కాదు. మంచి పిల్ల. కడుపులో ఏమీ దాచుకోదు. కానీ రోజూ బళ్ళో తిట్లు, పొద్దున్నే ఇంట్లో తిట్లు. జడ వేసేటప్పుడు తల్లి అరిచే అరుపులకి పక్కింటి వాళ్ళు లేచి పనులు మొదలుపెట్టుకునేవాళ్ళు. అలారం కొనే పని తప్పింది వాళ్ళకి.

బడిలో టీచరమ్మ చెప్పగా చెప్పగా చివరికి పిల్లల మానసిక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నెరిసిన జుట్టు, మెల్లగా మాట్లాడే డాక్టరమ్మ. మూడు సార్లు పిలిపించి, ఆడించి, రాయించి, అందర్నీ అడిగి, అప్పుడు చెప్పింది.

"ఇది మీ పెంపకం తప్పు కాదమ్మా, పిల్ల పొగరూ కాదు. దాని మెదడు ఒకదాని మీద నిలబడటానికి కాస్త ఊతం కావాలి. బడి ఉన్న రోజుల్లో పొద్దున్నే ఒక మాత్ర ఇవ్వండి. సెలవు రోజుల్లో వద్దు. ఆకలి తగ్గొచ్చు, నిద్ర పట్టకపోవచ్చు, గుండె కాస్త వేగంగా కొట్టుకోవచ్చు. అందుకే వచ్చినప్పుడల్లా నాడి, బరువు చూస్తాను. ఇంకొక్క మాట. ఇది ఆ పిల్ల కోసం రాసిన మందు. ఇంకెవరూ తాకకూడదు. తాళం వేసి పెట్టండి."

నెలకి ముప్ఫై మాత్రలు. మందుల షాపులో చీటీ చూసి, లెక్క పెట్టి, ఒక్కటి కూడా ఎక్కువ ఇచ్చేవాళ్ళు కాదు. తెల్లటి చిన్న మాత్ర, మధ్యలో విరుచుకోవడానికి గీత. బొంగరానికి మింగడం రాక కక్కేసేది. ఈ రకాన్ని పొడి చేసి ఇవ్వొచ్చని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి దుర్భిణి దాన్ని రెండు చెంచాల మధ్య పెట్టి నలిపి తేనెలో కలిపేది. తర్వాత పిల్లకి మింగడం అలవాటయ్యింది. అయినా తల్లి ఊరుకునేది కాదు. "నోరు తెరు. నాలిక ఎత్తు. బుగ్గ చూపించు." సీసాలు చూసే కళ్ళు కదా, పిల్ల నోరు కూడా దీపం దగ్గర పెట్టి చూసేది.

మందు పని చేసింది. రెండో వారంలో బొంగరం ఒక పేజీ మొదటి నుంచి చివరి దాకా రాసింది. అక్షరాలు గీత మీద నిలబడ్డాయి. నానమ్మ చెప్పే కథ ఆఖరి దాకా విని "తర్వాత?" అంది. ఆవిడకి తర్వాత కథ ఏమిటో తెలియదు, ఎందుకంటే ఇంతవరకు ఎవరూ అక్కడిదాకా విననేలేదు. దుర్భిణి ఆ పేజీని మడత పెట్టి టిఫిను సంచిలో పెట్టుకుని ఫ్యాక్టరీలో నలుగురికీ చూపించింది. ఆ నెల ఆమె జీవితంలో మంచి నెల. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

ఆ తర్వాతి నెలలో ఫ్యాక్టరీ వాళ్ళు బెల్టు వేగం పెంచారు. ముందు నిమిషానికి వంద సీసాలు నడిచేవి, ఇప్పుడు నూట నలభై పరిగెత్తడం మొదలుపెట్టాయి. మొదటి వారం దుర్భిణి పది దొంగ సీసాల్లో నాలుగు వదిలేసింది. సూపర్‌వైజరు ఆ నాలుగింటినీ బల్ల మీద నిలబెట్టి, "ఏమ్మా దుర్భిణీ, అద్దాలు తుడుచుకోవాలేమో" అన్నాడు. అందరూ నవ్వారు. ఒక సీసాలో గాజు పోగు ఉంది. ఆమె కళ్ళ ముందు నుంచే వెళ్ళింది.

ఆదివారం అంతా ఆమెకి కడిగే హాలే కళ్ళ ముందు తిరిగింది. ఇంకొక్క వారం. సోమవారం పొద్దున పిల్లకి మాత్ర తియ్యడానికి బీరువా తాళం తీసింది. సెలవు రోజుల్లో మిగిలిన మాత్రలు ఎనిమిది, అట్ట అడుగున పడి ఉన్నాయి. ఎవరి కోసమూ కానివి. పిల్లకి ఇవ్వాల్సినది ఇచ్చేసింది, నోరు చూసింది. తర్వాత మిగిలిన వాటిలో ఒకటి తన నోట్లో వేసుకుని గుక్కెడు నీళ్ళు తాగింది. పిల్ల వాటాలోంచి తీసుకోలేదుగా అని తనకి తనే చెప్పుకుంది. పాపం, అప్పటికి అది నిజమే.

ఆ రోజు సీసాలు పరిగెత్తలేదు. ఒక్కొక్కటీ వచ్చి ఆమె ముందు ఆగి, తనని చూపించుకుని వెళ్ళినట్టుంది. బెల్టు రొద వినపడలేదు. పక్కామె కబుర్లు వినపడలేదు. వారం తిరిగేసరికి పదికి పది. సూపర్‌వైజరు ఈల ఆపి చప్పట్లు కొట్టాడు. ఇంకో విచిత్రం, ఆ వారంలో జడ వేసేటప్పుడు ఆమె ఒక్కసారి కూడా అరవలేదు. తొందర లేదు, చిరాకు లేదు. పాయ తీసి పాయ అల్లి రిబ్బను ముడేసింది. బొంగరం అద్దంలోంచి తల్లి ముఖం వంక అనుమానంగా చూసింది.

మొత్తం ఉన్నవే ఎనిమిది. రెండో వారానికి అయిపోయాయి.

అప్పుడు ఆమె గీత మీద గోరు పెట్టి మాత్రని విరిచింది. సగం పిల్లకి, సగం తనకి. ఇలా ఒక్క వారమే అనుకుంది. ఇలాంటి ఒక్క వారాలు ఎలా ఉంటాయో మీకూ నాకూ తెలుసు. నాలుగో రోజు పొద్దున మాత్ర విరుస్తుంటే వెనక బొంగరం నిలబడి ఉంది. ఒక కాలికే చెప్పు ఉంది.

"అది నీకా అమ్మా?"

దుర్భిణి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. ఒక అబద్ధం తట్టింది, అది చెప్పేసింది.

"అవునే. నాకూ నీ జబ్బే, కొంచెం ఉంది. ఎవరికీ చెప్పకు. నానమ్మకి అసలు చెప్పకు."

పిల్ల ముఖం వెలిగిపోయింది. లోకంలో తనలాంటి మనిషి ఇంకొకరున్నారు, అదీ అమ్మ! "అందుకేనా నువ్వు తిట్టేదానివి?" అంది. "అందుకే" అంది తల్లి. బొంగరం ఆ మాట ఎవరికీ చెప్పలేదు. దాని జన్మలో అది దాచిన మొదటి రహస్యం అదే.

సగం మాత్ర పిల్లకి చాల్లేదు. బళ్ళో మళ్ళీ మొదలైంది. పక్కపిల్ల పుస్తకం చింపింది, క్లాసులోంచి లేచి వరండాలోకి పోయింది, రాసిన అక్షరాలు గీత దిగిపోయాయి. టీచరమ్మ చీటీ రాసి పంపింది. దుర్భిణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ పిల్ల నాడి చూసింది, బరువు చూసింది, తలెత్తి అడిగింది.

"రోజూ ఇస్తున్నారా?"

"ఇస్తున్నానండి."

"పూర్తిగా ఇస్తున్నారా?"

"ఇస్తున్నానండి."

నిజం నాలిక చివరి దాకా వచ్చింది. వచ్చి, అక్కడి నుంచే వెనక్కి పోయింది. చెప్తే ఏమవుతుంది? మందు ఆపేస్తారేమో, పిల్లని చూసుకోలేని తల్లి అంటారేమో. డాక్టరమ్మకి ఆమె మాట నమ్మకపోవడానికి కారణం లేదు. "ఒకటి చాలడం లేదన్నమాట. రెండు ఇచ్చి చూద్దాం" అని రాసిచ్చింది. ఆ చీటీ పట్టుకుని బయటికొస్తుంటే దుర్భిణికి సిగ్గేసింది. సిగ్గుతో పాటు చిన్న సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషానికి ఆమెని నేను క్షమించలేను.

ఎందుకంటే పెంచినదంతా పెంచినట్టే ఆమెకి పోయింది. అప్పటికి సగం మాత్ర ఆమెకి ఆనడం మానేసింది. రోజుకి రెండు మాత్రల్లో ఒకటిన్నర తల్లి మింగింది, ఎప్పటి సగమే కూతురికి ఇచ్చింది. కాగితం మీద రెండు మాత్రల పిల్ల, కడుపులో సగం మాత్ర పిల్ల. దుర్భిణి పదికి పది పడుతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీ ఆఫీసుకి బడి నుంచి ఫోను వచ్చింది. వెళ్ళేసరికి బొంగరం హెడ్‌మిస్ట్రెస్ గదిలో కుర్చీలో ఉంది. రెండు మోకాళ్ళూ చెక్కుకుపోయి ఉన్నాయి. బస్సు కోసం వరసలో నిలబడ్డ పిల్ల, ఎవరిదో నీళ్ళ సీసా మూత దొర్లిపోతుంటే దాని వెంట రోడ్డు మీదకి ఉరికింది. ఎదురుగా లారీ. టీచరమ్మ కాలరు పట్టి వెనక్కి లాగింది కాబట్టి మోకాళ్ళతో పోయింది.

"ఈ టర్ము అయ్యేదాకా చూస్తాం" అంది హెడ్‌మిస్ట్రెస్. "తర్వాత మా వల్ల కాదమ్మా. మందు వాడుతున్నామంటున్నారు, మాకేం తేడా కనపడటం లేదు. డాక్టరు గారితో మళ్ళీ మాట్లాడండి."

దారి పొడుగునా దుర్భిణి పిల్ల చెయ్యి వదల్లేదు. పొద్దున తన చేత్తో ఇచ్చినది సగమని ఆమెకి తెలుసు. టీచరమ్మ అర క్షణం ఆలస్యంగా చెయ్యి చాచి ఉంటే, ఆ సగం సంగతి ఎవరికీ తెలియకుండానే పోయేది. ఇంటికొచ్చి బీరువా ముందు నిలబడి ఒట్టు పెట్టుకుంది. ఇక తను ముట్టదు. రెండూ పిల్లకే.

మాట నిలబెట్టుకుంది. మర్నాటి నుంచి రెండు మాత్రలూ బొంగరం అరచేతిలోనే పెట్టింది. కానీ ఒక్క పని చెయ్యలేకపోయింది. "నోరు తెరు, నాలిక ఎత్తు" అనలేకపోయింది. దొంగతనం చేసిన మనిషి ఏ ముఖంతో సోదా చేస్తుంది? పిల్ల మాత్రలు నోట్లో వేసుకోగానే తను పక్కకి తిరిగిపోయేది.

మానేసిన మొదటి రోజులు నరకంలా గడిచాయి. ఒళ్ళంతా ఇసుక బస్తా అయ్యింది. కళ్ళు మూతలు పడేవి, తల పగిలేది, దేనికీ ఓపిక లేదు. మూడో రోజు పొద్దున జడ సగంలో ఉండగా బొంగరం కదిలింది. దుర్భిణి దువ్వెన గోడకేసి కొట్టింది.

"ఎందుకు పుట్టావే నా ప్రాణానికి? నీ వల్లే నాకు ఈ గతి!"

దువ్వెన రెండు ముక్కలైంది. బొంగరం ఏడవలేదు. తల్లి ముఖంలోకి చూసి మెల్లగా అడిగింది.

"అమ్మా, నువ్వు మాత్ర వేసుకోవడం లేదా?"

"నాకక్కర్లేదు! నోరు మూసుకుని నీవి నువ్వు వేసుకో."

పిల్ల నోరు మూసుకుంది. ఆ వారం ఫ్యాక్టరీలో దుర్భిణి మూడు సీసాలు వదిలేసింది. పోతే పోయింది అనుకుంది. కడిగే హాలుకే పోతాను, పిల్ల బాగుంటే చాలు. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అనుకుంది.

ఆ తర్వాత సోమవారం నుంచి పొద్దున టీ బొంగరం తేవడం మొదలుపెట్టింది. నానమ్మ కాచి వంటింటి గట్టు మీద పెడితే, పిల్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చేది. బొంగరం ఏమిటి, ఒలకకుండా తేవడం ఏమిటి! దుర్భిణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మందు పూర్తిగా అందుతోంది, పిల్ల కుదుటపడుతోంది అనుకుంది. తల్లి ఆఖరి గుక్క తాగేదాకా పిల్ల అక్కడే నిలబడి చూసేది.

టీ మాత్రం చేదుగా ఉండేది.

"ఆకు మార్చండి అత్తయ్యా, మాడు చేదొస్తోంది."

"పాతికేళ్ళుగా ఇదే ఆకు. నీ నాలికే మారింది అమ్మాయ్" అనేది అత్తగారు. కోడలి ఫిర్యాదు మాత్రం ఆవిడకి బాగానే వినపడింది.

వారం తిరక్కుండానే దుర్భిణికి ఓపిక తిరిగొచ్చింది. బరువు దిగిపోయింది, కళ్ళు విచ్చుకున్నాయి, సీసాలు మళ్ళీ ఒక్కొక్కటిగా వచ్చి ఆమె ముందు ఆగాయి. పదికి పది. ఆమెకి ఎంత గర్వమో! మాత్ర లేకుండానే చేస్తున్నాను, మనసు గట్టిదైతే ఏదైనా సాధ్యమే అని పక్కామెకి ఉపన్యాసం కూడా ఇచ్చింది. జడ దగ్గర అరుపులు తగ్గాయి. పక్కింటివాళ్ళు ఆలస్యంగా లేవడం మొదలుపెట్టారు.

కానీ ఏదో తేడాగా ఉంది. అన్నం సహించడం లేదు. రాత్రుళ్ళు కన్ను మూత పడటం లేదు. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఒక్కోసారి ఉన్నట్టుండి గుండె దడదడలాడేది, బెల్టు ఆగిపోయినా తన లోపల ఇంకో బెల్టు నడుస్తున్నట్టుండేది. మానేసినందుకు ఒళ్ళు ఇంకా అలవాటు పడలేదేమో అనుకుంది. అయిదో వారంలో సూపర్‌వైజరు ఆమె పక్కనున్న డబ్బా వంచి, సీసాలు ఒక్కొక్కటే లైటుకి ఎత్తి చూశాడు.

"ఇందులో సగం మంచివేనమ్మా. ఎందుకు తీసేశావు?"

"పోగులున్నాయి సార్. లోపల. కనపడటం లేదా?"

ఆయన ఇంకోసారి ఎత్తి చూశాడు. ఏమీ లేదు. ఆమె ముఖం వంక చూసి వెళ్ళిపోయాడు. ఆయన ఈల వెయ్యకపోవడం ఆమెని ఎక్కువ భయపెట్టింది.

అదే వారం బడి నుంచి మళ్ళీ ఉత్తరం వచ్చింది. పిల్ల ఇదివరకటి కంటే అధ్వాన్నంగా ఉందట. రెండు సార్లు గోడెక్కిందట. టర్ముకి ఇంకా మూడు వారాలుంది, డాక్టరు ఏమంటారో కాగితం మీద రాయించి తెమ్మన్నారు. దుర్భిణికి ఏమీ పాలుపోలేదు. ఇప్పుడు తను ముక్క కూడా ముట్టడం లేదు కదా? రెండూ దాని చేతిలోనే పెడుతోంది కదా? అంటే ఇన్నాళ్ళూ తను దోచుకున్నందుకు పిల్ల మెదడు శాశ్వతంగా పాడైపోయిందా? ఆ భయంతో ఒక రోజు సెలవు పెట్టి, పొద్దున్నే బొంగరం తెచ్చిన టీ తాగి, పిల్ల చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

డాక్టరమ్మ గదిలో ఒక బరువు చూసే మెషీను, ఒక బల్ల, మూడు కుర్చీలు. బొంగరం మూడు కుర్చీల్లోనూ కూర్చుని లేచింది. డాక్టరమ్మ ఉత్తరం చదివి పిల్లని మెషీను మీద నిలబెట్టింది. బరువు పెరిగింది. మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. నాడి మామూలుగా ఉంది.

"అన్నం బాగా తింటోందా?"

"రెండు సార్లు పెట్టించుకుంటోందండి."

"నిద్ర?"

"పడుకుంటే లేపేదాకా లేవదండి."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "రెండు నెలలుగా రెండు మాత్రలు. ఆకలి తగ్గలేదు, నిద్ర తగ్గలేదు, నాడి పెరగలేదు, చురుకు తగ్గలేదు. నాకర్థం కావడం లేదమ్మా. ఇంకా పెంచడమో, వేరే మందుకి మారడమో చెయ్యాలి. అది రాసే ముందు..." అంటూ తలెత్తి, మొదటిసారిగా తల్లిని పరీక్షగా చూసింది. పీక్కుపోయిన బుగ్గలు, ఎండిపోయిన పెదాలు, సంచీ పట్టుకున్న చేతి వణుకు. బల్ల మీదుగా చెయ్యి చాచింది. "మీ చెయ్యి ఇవ్వండి."

దుర్భిణి ఇచ్చింది. గడియారం ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా గదిలో బొంగరం చెప్పుల చప్పుడొక్కటే వినపడింది.

"నూట ఇరవై నాలుగు" అంది డాక్టరమ్మ. గొంతు పెంచలేదు. "పిల్ల మందు మీరు వేసుకుంటున్నారా?"

ఇన్నాళ్ళు బిగించి పట్టుకున్నదంతా ఒక్కసారిగా జారిపోయింది. దుర్భిణి అంతా చెప్పేసింది. దొంగ సీసాలు, సెలవుల మాత్రలు, సగాలు, ఒకటిన్నర, రోడ్డు మీద లారీ. దాచుకోకుండా చెప్పింది, చివరికి బల్ల అంచు పట్టుకుని ప్రాధేయపడింది.

"తప్పు చేశానండి. కానీ మానేశాను. లారీ రోజు నుంచి ముట్టలేదు. నా బిడ్డ మీద ఒట్టు. ఆరు వారాలైంది."

"మానేసిన మనిషి నాడి కాదమ్మా ఇది."

"ఒట్టండీ! నేను వేసుకోవడం లేదు!"

"అవును, అమ్మ వేసుకోవడం లేదు" అంది బొంగరం. అది బరువు మెషీను మీద నిలబడి, ముల్లుని అటూ ఇటూ ఊపుతోంది. "అందుకే నేనే వేస్తున్నా. టీలో. చెంచాతో నలిపి."

ఇద్దరూ దానివైపు తిరిగారు. దుర్భిణి ముందుకి వంగి అడిగింది.

"ఏవి? ఏ మాత్రలే?"

"నువ్విచ్చినవే. బుగ్గలో పెట్టుకుంటా. నువ్వు ఇప్పుడు చూడవుగా." తల్లి ముఖం చూసి దానికి భయమేసినట్టుంది, మెషీను దిగి దగ్గరికొచ్చింది. "నీకూ నా జబ్బే ఉందన్నావు కదమ్మా. మందు మానేసి దువ్వెన విరక్కొట్టావు. నాకు లేకపోయినా పర్లేదు, బళ్ళో తిడితే సాయంత్రం దాకానే. రెండూ నీకే వేసేశాను."

దుర్భిణి కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుని పిల్ల రెండు చేతులూ పట్టుకుంది, పట్టుకున్న చేతులు ఆగకుండా వణుకుతున్నాయి. బొంగరం ఆ వణుకు వంక చూసింది, తర్వాత తల్లి తల మీదుగా డాక్టరమ్మ వైపు తిరిగి, బళ్ళో ఎప్పుడూ మాట్లాడనంత నెమ్మదిగా, పూర్తి వాక్యంలో అడిగింది.

"డాక్టరాంటీ, నాకు పెంచినట్టే అమ్మకి కూడా పెంచరా? నిన్న మళ్ళీ తిట్టింది."